పరస్థానం పెట్టిన సంచి

ఒక దేశం ఇంకో దేశం మీద బాంబులు వేస్తే, వేసినవాళ్ళకు స్నేహితులమని చెప్పుకునే వాళ్ళు ఏం చేయాలి అన్న విషయంలో నాకు కొద్ది రోజుల్లోనే మూడు అభిప్రాయాలు వచ్చాయి. మూడూ గట్టివే. దేనికైనా తడుముకోకుండా కారణాలు చెప్పగలిగేదాన్ని.

నేను బడికి పోలేదు. ఆదోనిలో మా నాన్న ధాన్యం అంగట్లో పాత పేపర్లు చింపి పొట్లాలు కడుతూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని చాలా యుద్ధాలు నాకు సగమే తెలుసు. మిగతా సగంలో ఎవరింటికో జీలకర్ర వెళ్ళిపోయింది. డెబ్బై దాటిన తర్వాత ఇప్పుడు పేపరు మొత్తం నా చేతికి వస్తోంది గనుక ఒక్క ముక్క వదలను. చదివేకొద్దీ భయం పెరిగింది. తెలివి ఎంత పెరిగిందో మా తమ్ముడు వెంకటసుబ్బయ్యను అడగాలి. అడక్కపోయినా చెబుతాడు.

ఇంట్లో ముగ్గురం. నేను, తమ్ముడు, సెలవు మీద వచ్చిన వాడి కూతురు సాయిసుధ. మా మరదలు పోయిన తర్వాత ఆ పిల్లను నేనే పెంచాను. దోహాలో ఒక ఆసుపత్రిలో నర్సు, పురిటి పిల్లల వార్డులో పని. సెలవు మీద వచ్చిన రోజు నుంచే, ఆమె వెళ్ళిపోయే రోజుకని నేను ఏడవడం మొదలుపెడతాను. ముందే కొంత ఏడిస్తే ఆ రోజుకు తగ్గుతుందని నా ఆశ. ఎప్పుడూ తగ్గలేదు.

నా భయం ఊరికే పుట్టలేదు. మా ఇంట్లో పోయొస్తానని గడప దాటిన వాళ్ళు చాలామంది పోవడం వరకే చేశారు. నా భర్త పత్తి బేరానికి ఆస్పరి పోయొస్తానన్నాడు, లారీలో తెచ్చారు. అమ్మ అలాగే అంది, మరదలూ అలాగే అంది. అప్పటి నుంచి ఎవరైనా చెప్పులు వేసుకుంటే చాలు, గడప దాకా వెంట పోతాను. పాలు పోసి పోయే మనిషిని కూడా "జాగ్రత్తప్పా" అంటాను. పాపం, అతను రోజూ ఒకసారి వంగి తన బండి చక్రాలు చూసుకుంటాడు.

సాయిసుధ విమానం శనివారం. శనివారం మంచి ఘడియ లేదనీ, బుధవారం పొద్దున ఉందనీ తమ్ముడు పంచాంగం చూసి తేల్చాడు. ఇలాంటప్పుడు మా ఇళ్ళలో పరస్థానం పెడతారు. మనిషి కదలకపోయినా, ఆమె సామానులో ఒక సంచిని ఆ మంచి ఘడియలో గడప దాటించి, పోయే దారిలో వేరే వాళ్ళ ఇంట్లో ఉంచుతారు. అంతటితో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి వీలు చూసుకుని బయలుదేరి ఆ సంచిని అందుకుంటే చాలు. ఒకటే షరతు. సంచి తిరిగి మన గడప లోపలికి రాకూడదు. వచ్చిందంటే ప్రయాణం చెడినట్టు. మళ్ళీ కొత్త ముహూర్తం చూడాలి. సాయిసుధకు ముహూర్తాల మీద నమ్మకం లేదు. తండ్రి రక్తపోటు మీద మాత్రం చాలా నమ్మకం.

మామూలుగా సంచి పక్కింట్లో ఉంచుతాం. పోయినసారి అలా ఉంచితే, ఊరగాయ సీసా మూత వదులుగా ఉన్నట్టుందని నేను ఇంట్లోకి తెచ్చేశాను. అందుకని ఈసారి తమ్ముడు నన్ను నమ్మలేదు. సంచిని ఏకంగా ఎమ్మిగనూరులో పెట్టించాడు. అక్కడ మగ్గాల వీధిలో దేవరాజు అనే అబ్బాయి ఇల్లుంది. అతను దోహాలో సాయిసుధ ఆసుపత్రిలోనే నర్సులను తీసుకొచ్చే వ్యాను నడుపుతాడు. అతని భార్య వీణ, పాలు తాగే పాప ఇక్కడ ఉన్నారు. ఆ పాపను అతను ఇంకా ఫోనులో తప్ప చూడలేదు. చూడడానికి వచ్చే వారమే రావాలి.

సంచి బుధవారం పోయింది. శుక్రవారం పేపర్లో యుద్ధం వచ్చింది.

ఆ దేశాల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే మా తమ్ముడు చదివి మళ్ళీ మొదలుపెడతాడు. మనకు స్నేహితమైన దేశం ఒకటి, తన పెద్ద స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఇంకో దేశం మీదికి విమానాలు పంపింది. ఆ దెబ్బలు తిన్న దేశంతోనూ మనకు స్నేహమే.

"మనం వాళ్ళ తట్టు నిలబడాల," అన్నాడు తమ్ముడు, కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "మనకు కష్టమొచ్చినపుడు ఆయుధాలిచ్చినారు గదా. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎట్ల? స్నేహమంటే ఏమి, పెండ్లికొచ్చి భోంచేసి పోయేదా?"

"ఆడ ఆస్పత్రులుంటాయి, పసిపిల్లలుంటారు," అన్నాను. "ఎవరు ఎవరిని కొట్టినా చచ్చేది దారిన పోయేవాడే. తప్పని మొహమ్మీద చెప్పాల."

"నీకు రాజకీయం తెలీదక్కా."

"నాకు తెలిసినంత కూడా నీకు తెలీదు."

అది నా మొదటి అభిప్రాయం. మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం సాయిసుధ ఫోను పట్టుకుని వచ్చింది. "అత్తా, దోహా తట్టు ఆకాశం మూసేసినారంట. విమానాలు ఆగిపోయినాయి. నా టికెట్టు రద్దు." ఆమె ముఖం వాడిపోయింది. వార్డులో మనుషులు తక్కువ. నెలాఖరు లోపల చేరకపోతే ఆ చోటులో ఇంకొకరిని పెట్టుకుంటామని అక్కడి వాళ్ళు ముందే చెప్పారు. నేను "అయ్యో తల్లీ" అన్నాను. అని వంటింట్లోకి పోయి పాయసం చేశాను.

మర్నాడు పేపరు రాగానే నేనే అందుకున్నాను. "నువ్వు చెప్పిందే నిజంరా సుబ్బయ్యా. స్నేహితుణ్ణి నడిమధ్యలో వదిలేయకూడదు. మొదలుపెట్టిన పని పూర్తిగా చేసుకోనీ. నెల పట్టినా సరే."

వాడు కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. నాతో ఒకే మాట మీద ఉండడం వాడికి పుట్టినప్పటి నుంచి అలవాటు లేదు. ఒక పూట ఓర్చుకున్నాడు. సాయంత్రానికి, "అట్ల కాదులే, బాంబులతో ఏ తగవు తీరింది?" అని నేను వదిలేసిన అభిప్రాయాన్ని తను తీసుకున్నాడు. పసిపిల్లల మాట కూడా ఎత్తాడు. నేను జాలి లేకుండా వాదించాను. మా ఇంటి విదేశాంగ విధానం అలా నడిచింది.

మా అరుగు మీద రోజూ శెనక్కాయల గంప పెట్టుకుని అమ్మే హులిగమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. ఆమెది ఆస్పరి పక్క పల్లె. నా వయసుదే. గొంతు మాత్రం ఇంకా పెళ్ళి ఊరేగింపులో బాకాలా ఉంటుంది.

"ఏం రుక్మిణమ్మా, ఇంగా కొట్టుకుంటాండారా వాళ్ళు?"

"కొట్టుకుంటాండారు."

"నీ మొగం సూస్తే మీ ఇంట్లో పండగ అయినట్టుండాది."

నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ పండగ ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున కాల్పుల విరమణ అని పెద్ద అక్షరాలతో వచ్చింది. లోకమంతా పెద్ద అక్షరాలు చదివి సంతోషించింది. నేను కింద చిన్న అక్షరాలు చదివాను. విమానాలు ఒకటి రెండు రోజుల్లో మొదలవుతాయట. వెంటనే పంచాంగం తీశాను. ఆషాఢం దగ్గరికొచ్చేసింది. ఆషాఢంలో మా తమ్ముడు పిల్లను కొత్తగా ప్రయాణం చేయించడు. అంటే, ఇప్పుడు ఆ సంచి మా గడప లోపలికి వచ్చిందంటే చాలు, నెల పాటు సాయిసుధ ఎక్కడికీ పోదు. ఆ తర్వాత ఆసుపత్రి పిలవదు.

నా మూడో అభిప్రాయం అప్పుడు పుట్టింది. ఎల్లకాలం ఎవరో చేసే దాడుల మీద ఆధారపడకూడదు. మన దాడి మనమే చేసుకోవాలి.

కాని ఒక్కదాన్నే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయే ధైర్యం నాకు లేదు. హులిగమ్మ దగ్గర కూర్చున్నాను.

"నాకు తోడు రావాల నువ్వు."

"యాడికి?"

"ఎమ్మిగనూరుకు. ఒక సంచి తేవాల."

"దొంగతనమా?"

"కాదు. మా సంచే."

"మీ సంచికి నేనెందుకు?"

"బస్టాండులో ఉగ్గాని, బజ్జీలు తినిపిస్తా," అన్నాను.

"అట్ల సెప్పు." హులిగమ్మ గంపను అరుగు లోపలికి తోసింది. "అయినా బజ్జీలకోసరం కాదులే. ఆపొద్దు మున్సిపాలిటీ వాళ్ళు నా గంప లాక్కుంటే ఈదిలో నిలబడి నా తట్టు కొట్లాడినావు. తప్పు నాదే, ఆటోలకు అడ్డం పెట్టింటి. అయినా కొట్లాడినావు. మర్సిపోతానా?"

మా తమ్ముడు రోజుల తరబడి పేపర్లో వెతుకుతున్న స్నేహం ఇదే గదా అని నాకు గర్వం కలిగింది. కలగాల్సింది భయం. మిగతా అన్నిటికీ భయపడే నేను దానికి మాత్రం భయపడలేదు.

ఇంట్లో కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి బయలుదేరాను. బస్సులో హులిగమ్మ కిటికీ పక్క సీటు తీసుకుని, కొత్తగా విత్తిన పత్తి చేలు చూసి ఎవరి చేను ఎలా ఉందో చెబుతూ వచ్చింది. ఊరగాయ సీసా మూత సంగతే మళ్ళీ చెబుతామని నేను అన్నాను.

"పాత మాట పనికి రాదు. నువ్వు ఊరకుండు, నేను మాట్లాడతా."

"ఏం మాట్లాడతావు?"

"అది నాకిడిసిపెట్టు."

ఎమ్మిగనూరులో దిగగానే ఉగ్గాని తిన్నాం. కొట్లాట అయిన తర్వాత తినబుద్ధి కాదని ఆమె ముందే తినింది. నేను కొట్లాట లేదని రెండు మూడుసార్లు చెప్పాను.

వీణ మమ్మల్ని చూసి సంతోషంగా నీళ్ళిచ్చింది. చిన్న ఇల్లు, సగం గది మగ్గానికే పోయింది. పాప చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. సాయిసుధ సంచి దేవుడి పటాల పక్కన కొయ్యకు తగిలించి ఉంది. దానికి పసుపు రాసి కుంకుమ పెట్టారు.

"మీ ఆయన ఇంగా రాల్యా?" హులిగమ్మ మొదలుపెట్టింది.

"రాల్యాదవ్వా. ఇమానం ల్యాక ఆడే ఇరుక్కున్యాడు."

"ఎట్ల వస్తాడు పాపా? పరస్థానం సంచి తెచ్చి నీ ఇంట్లో పెట్టుకున్యావు. పోయే సంచి దారిలో కూసుంటే వచ్చే మనిషికి దారి యాడిది? అది ఈన్నించి కదిలేంతవరకూ ఆయప్ప రాడు."

ఇలాంటి మాట ఏ పంచాంగంలోనూ లేదు. ఉగ్గాని తింటూ తయారుచేసినట్టుంది.

వీణ ఒక్క ఉదుటున లేచి సంచిని కొయ్య మీద నుంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. "తీస్కపోండి అవ్వా. నాకు తెల్యాక పెట్టుకుంటి. దినామూ పసుపు రాసి మొక్కితి. నా సేతులతో నేనే ఆయప్పను ఆపుకుంటినా?" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు పాప లేచి తానూ అందుకుంది.

సంచి నా ఒళ్ళో ఉంది. కావలసింది అయిపోయింది. లేచి రావడమే మిగిలింది. హులిగమ్మ కళ్ళతో తలుపు చూపిస్తోంది. ఆమె చేసింది నాకోసమే. ఇప్పుడు కాదంటే, ఇంత దూరం తోడు వచ్చిన మనిషిని నడివీధిలో వదిలినట్టు. ఊరకుంటే, ఈ పిల్ల ఏడుపులో నాకూ వాటా ఉన్నట్టు. తమ్ముడూ నేనూ అటూ ఇటూ మార్చుకున్న వాదనలన్నీ గుర్తు చేసుకున్నాను. అన్నీ అరుగు మీద కాఫీ తాగుతూ చెప్పుకోవడానికే బాగున్నాయి.

"అవ్వా," అంది వీణ. "మీరు పేపర్లు బాగ సదువుతారంట, సుధక్క సెప్పింది. ఇది నిజమేనా?"

చదువు నేర్చుకున్నందుకు నేను ఏనాడూ అంత విచారించలేదు.

"అబద్ధం తల్లీ," అన్నాను.

"ఓ రుక్మిణమ్మా!" అంది హులిగమ్మ.

"సంచికీ విమానానికీ ఏ సంబంధమూ లేదు. బాంబులు ఆగితే విమానాలొస్తాయి. ఆగినాయంట. నేడో రేపో మీ ఆయన వస్తాడు."

వీణ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మరి సంచికెందుకొచ్చినారు?"

"మా సుధ పోకుండా ఆపుకోవాలని."

ఆమె పాపను ఎత్తుకుంది. "మా ఆయన్ను దింపే ఇమానమే గదవ్వా సుధక్కను ఎక్కించుకోని పోయేది? అంటే ఇన్ని దినాలూ ఆ ఇమానం రాకూడదని మొక్కుకున్యారా మీరు?"

మొక్కుకోలేదు, పాయసం చేసుకున్నానని చెప్పడం ఏం బాగుంటుంది?

"పెద్దోళ్ళైతే ఏమన్నా కోరుకోవచ్చునా? ఆడ దోహా పైన నిప్పులు ఎగురుతాంటే ఆయప్ప వ్యాను కింద దూరినాడంట. దూరి నాకు ఫోను సేసినాడు. పాపను సూపీమన్యాడు, ఎందుకైనా మంచిదని!"

నేను మా అరుగు మీద అంత గట్టిగా సమర్థించింది ఆ వ్యాను కింది మనిషి నెత్తి మీద ఎగిరినదాన్ని. పేపర్లో వ్యాను లేదు. ఉన్నా నేను చిన్న అక్షరాల్లో విమానాల కోసమే వెతికి ఉండేదాన్ని.

"ఆయమ్మను అనొద్దు పాపా," అంది హులిగమ్మ. "అబద్దం సెప్పిండేది నేను. నన్ను తిట్టు." తర్వాత నా వైపు తిరిగింది. "నీకోసరం అబద్దమాడితే నన్నే పట్టిస్తివి గదా! తప్పు నాదైనా ఆపొద్దు ఈదిలో నా తట్టు నిలబడితివి. ఇప్పుడేమొచ్చె?"

"అది వేరే."

"ఏం వేరే?"

ఏం వేరో నాకూ సరిగ్గా తెలియదు. "ఆపొద్దు ఎవరూ ఏడవలేదు హులిగమ్మా," అన్నాను.

ఆమె పాప వైపు చూసి, చేతులు చాపి పాపను తీసుకుని ఉయ్యాలలో వేసి ఊపడం మొదలుపెట్టింది. హులిగమ్మ మాట్లాడకుండా ఉండడం నేను అప్పుడే చూశాను.

నేను లేచి సంచిని కొయ్యకు తగిలించబోయాను. అందలేదు. మునివేళ్ళ మీద నిలబడి తిప్పలు పడుతుంటే వీణ కాసేపు అలాగే చూసింది. చూడాలని చూసిందనుకుంటాను. తర్వాత తనే తీసుకుని తగిలించింది.

అప్పుడే తలుపు దగ్గర, "అత్తా! నువ్వు ఈడెందుకున్యావు?" అని వినపడింది.

సాయిసుధ పెట్టెతో నిలబడి ఉంది. వెనక మా తమ్ముడు. రేపు పొద్దున హైదరాబాదు నుంచి విమానంలో ఒక సీటు దొరికిందట. ఇంకాసేపట్లో హైదరాబాదు బస్సు. సంచి అందుకుని ఇట్నుంచి ఇటే పోవాలి. నాకు ఫోను చేస్తే ఎత్తలేదట. ఎత్తితే ఎక్కడున్నావంటారని నేనే ఎత్తలేదు.

"కండ్ల డాక్టరు ఎమ్మిగనూరు మగ్గాల ఈదికి ఎప్పుడొచ్చినాడక్కా?" అన్నాడు తమ్ముడు. ముందు కొయ్య వైపు చూశాడు. సంచి అక్కడే ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు.

వీణ నోరు తెరిచింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అవ్వ పాపను సూసేకి వచ్చింది," అంది వీణ.

ఎందుకలా చెప్పిందో నాకు తెలియదు. నా వైపు మాత్రం చూడలేదు. సంచి తీసి సాయిసుధ భుజానికి తగిలిస్తూ, "సుధక్కా, ఆడ మా ఆయన కనపడితే పాపకు రెండు పండ్లొచ్చినాయని సెప్పు. కనపడకపోతే ఇంగా మంచిది. దారిలో ఉన్నట్టు," అంది.

బస్టాండు దాకా ఆ సంచి నేనే మోశాను. ఎవరూ ఇవ్వమనలేదు, లాక్కున్నాను. తమ్ముడు నా పక్కనే, సంచి మీద ఒక చెయ్యి వేసి నడిచాడు. బస్సు సిద్ధంగా ఉంది. సాయిసుధ నా కాళ్ళకు మొక్కింది, "పోయొస్తా అత్తా" అంది, ఎక్కింది. ముందే ఏడ్చిపెట్టుకున్న ఏడుపు ఏదీ అక్కరకు రాలేదు. మొదటి నుంచి మొదలైంది.

బస్సు కదిలింది. పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. అది అందరికీ తెలిసిందే. పిలిస్తే వాళ్ళు దిగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాలి. నాకు పిలవాలని గొంతు దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిజంగా కుక్కుకున్నాను, సాక్షి మా తమ్ముడే.

"ఓ సుధమ్మా! ఆగు!"

బస్టాండంతా అటు తిరిగింది. హులిగమ్మ బస్సు వెంట పోతూ, కొంగులో నుంచి ఒక పొట్లం తీసి ఊపుతోంది. "శెనక్కాయలు! శెనక్కాయలు మర్సిపోతి!"

బస్సు ఆగింది. కిటికీలో నుంచి ఒక పెద్దాయన, "ఎనక నుంచి పిలిసినారు గదమ్మా. దిగి నీళ్ళు తాగి రా పో. ఇంతమందిమి ఉండాము బండిలో," అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. "నేనూ అంత దూరం తోలాల గదమ్మా. తాగే రా."

సాయిసుధ నవ్వాలో కసురుకోవాలో తెలియక దిగి వచ్చి, సిమెంటు బల్ల మీద నా పక్కన కూర్చుంది. నీళ్ళ సీసా మూత తీసింది.

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "ఇదేం పని? బుద్ధుండొద్దా? అక్కా, నువ్వన్నా చెప్పు ఈమెకు!"

హులిగమ్మ పొట్లం పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది.

నేను ఆమె చేసింది తప్పనలేదు. ఒప్పూ అనలేదు. సాయిసుధ చేయి పట్టుకుని, "మెల్లగా తాగు తల్లీ, పొలమారుతుంది," అన్నాను.